నెలవారీ చార్జీలు, ఒక్కసారి చార్జీలు: కస్టమర్ ఖాతాలో ఏది ఎక్కడ పెట్టాలి? బెంగళూరు బ్రాడ్‌బ్యాండ్ బిల్లింగ్ చర్చ

కేఆర్‌పురం_వైరు
నమస్కారం అండీ. కేఆర్ పురం, రామమూర్తి నగర్ వైపు 400 పైచిలుకు ఇంటర్నెట్ కనెక్షన్ల బిల్లింగ్ ఎక్సెల్ నుంచి సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలి. ఇప్పుడు ఒక్కో కస్టమర్‌కి ఒకే వరస, అందులో 'నెల మొత్తం' అని ఒకే గడి ఉంది. రూటర్ డబ్బు గానీ, ఇల్లు మారినప్పుడు షిఫ్టింగ్ చార్జీ గానీ వస్తే ఆ గడిలోనే కలిపేసి, తర్వాతి నెల తీసేయాలి. తీయడం మరిచిపోతే కస్టమర్ రెండో నెల కూడా రూటర్ డబ్బు కడతాడు. తీసేటప్పుడు చెయ్యి జారితే ప్లాన్ రేటే తగ్గిపోతుంది.

కొత్త సాఫ్ట్‌వేర్‌లో 'రికరింగ్ చార్జీ', 'వన్‌టైమ్ చార్జీ' అని రెండు విడివిడిగా ఉన్నాయి. ఏది ఎందులో వేయాలి? నెల మధ్యలో చేరినవాళ్ళకి ఎలా? డిపాజిట్‌ని చార్జీగా వేయొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు వివరంగా చెప్పండి.

పద్దుల_పట్టిక
ముందు ఆ 'నెల మొత్తం' గడి వదిలేయండి. మొత్తాన్ని ఎక్కడా రాసి పెట్టుకోకూడదు, చార్జీలు కూడి ప్రతిసారీ తెచ్చుకోవాలి. చార్జీ వేరు, బిల్లు వేరు, వసూలు వేరు. ఈ మూడింటినీ ఒకే గడిలో కుక్కడం వల్లే మీరు చెప్పిన తిప్పలన్నీ వస్తున్నాయి.

నెలవారీ చార్జీకి ఒక్కో వరస. ఇంటర్నెట్ ప్లాన్ ఒక వరస, స్టాటిక్ ఐపీ (ఎప్పటికీ మారని ఇంటర్నెట్ చిరునామా) అద్దె ఇంకో వరస, రూటర్ అద్దెకిస్తే అది మూడోది. ప్రతి వరసలో ఏ కనెక్షన్‌కి, ఏ సేవ, పన్ను కలపని రేటు, ఎన్ని నెలలకోసారి, మొదలు తేదీ, ముగింపు తేదీ, డబ్బు ముందుగానా లేక నెల గడిచాకనా అన్నవి ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది 'ఎక్కడిదాకా బిల్లయింది' అనే తేదీ. బిల్లు రన్ (అందరి బిల్లులూ ఒకేసారి తయారుచేసే పని) అయ్యేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఈ తేదీ చూసి, దాని మర్నాటి నుంచే లెక్క మొదలుపెట్టాలి.

ఒక్కసారి చార్జీకి కాలం ఉండదు, తేదీ ఉంటుంది. ఇన్‌స్టలేషన్, అమ్మిన రూటర్, షిఫ్టింగ్, తెగిన ఫైబర్‌కి మళ్ళీ వేసిన డ్రాప్ కేబుల్ (ఇంట్లోకి వచ్చే వైరు) ఈ కోవలోకి వస్తాయి. దీనికి 'ఇంకా బిల్లు కాలేదు', 'ఫలానా ఇన్‌వాయిస్‌లో చేరింది', 'రద్దు' అని మూడే స్థితులు. ఇన్‌వాయిస్ నంబరు పడ్డాక ఆ వరసని ఎవరూ ముట్టుకోకుండా సాఫ్ట్‌వేర్‌లో తాళం పడాలి. ఎవరు వేశారో, ఎందుకు వేశారో రాయడానికి ఒక గడి తప్పనిసరి చేయండి. ఆరు నెలల తర్వాత కస్టమర్ ఫోన్ చేసి "ఈ 300 ఏంటండీ" అంటే జవాబు ఆ గడిలోనే దొరకాలి.

ఇంకో మాట. రేటు మారితే పాత వరసలో రేటు దిద్దకండి. పాతదానికి జూన్ 30 ముగింపు పెట్టి, జూలై 1 నుంచి కొత్త వరస తెరవండి. దిద్దేస్తే జూన్ బిల్లు మీద ఆగస్టులో క్రెడిట్ నోట్ (ఇచ్చేసిన బిల్లుని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) వేయాల్సి వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ కొత్త రేటు పట్టుకుని లెక్క కడుతుంది. జూన్‌లో తీసుకున్నది ఒకటి, తిరిగిచ్చేది ఇంకొకటి అవుతుంది.

అత్తిబెలె_అంచు
పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. 12 నెలల రూటర్ వాయిదాలు నెలవారీ చార్జీగా వేస్తే ముగింపు తేదీ అప్పుడే పెట్టేయండి. "తర్వాత పెడదాం" అనుకున్నది 13వ నెల కూడా బిల్లవుతుంది. డిస్కౌంట్ కూడా అంతే. మొదటి 3 నెలలు 100 తగ్గింపు అంటే అది కూడా ఒక నెలవారీ వరసే, మైనస్ 100, ముగింపుతో సహా. దాన్ని ప్లాన్ వరసకే కట్టండి. ఖాతా మొత్తం మీద శాతంగా పెడితే రూటర్ అమ్మిన ధరలోనూ తగ్గింపు పడిపోతుంది.

కేఆర్‌పురం_వైరు
అర్థమైంది అండీ. జూన్ 18న 799 ప్లాన్‌లో చేరాడనుకోండి. అందరికీ ఒకటో తారీఖు బిల్లు చేయాలా, ఎవరు చేరిన తేదీకి వాళ్ళకా?

కోడు_కోరమంగళ
రెండూ చేయొచ్చు. లెక్క మాత్రం ముందే తేల్చుకుని, కస్టమర్ సంతకం పెట్టే ఫారంలో రాయాలి.

ఒకటో తారీఖు పద్ధతిలో 18 నుంచి 30 దాకా రెండు చివరలూ కలిపి 13 రోజులు. 12 అని రాసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, తేదీల తీసివేతలో మొదటి రోజు జారిపోతుంది. 799 × 13 ÷ 30 = 346.23. సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9 శాతం 31.16, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 31.16, మొత్తం 408.55. నెలలో ఉన్న అసలు రోజులతో భాగించాలా, ఎప్పుడూ 30తోనా అన్నది మీ ఇష్టం. కానీ ఎప్పుడూ 30 అంటే, జూలై 1న చేరి 31 దాకా వాడినవాడికి 31 ÷ 30 అని నెల రేటుకంటే ఎక్కువ పడుతుంది. అసలు రోజులతో భాగించడమే నా సలహా, నిండు నెలకి ఎప్పుడూ నిండు రేటే వస్తుంది.

చేరిన తేదీ పద్ధతిలో వేరే గోతి ఉంది. జనవరి 31న చేరినవాడికి సాఫ్ట్‌వేర్ 'ఒక నెల కలుపు' అంటే ఫిబ్రవరి 28 వస్తుంది. మళ్ళీ ఒక నెల కలిపితే మార్చి 28. ఇక ఎప్పటికీ 28 మీదే ఉండిపోతుంది, మూడు రోజులు మాయం. కిందటి బిల్లు తేదీకి నెల కలపకూడదు. అసలు చేరిన తేదీ 31ని విడిగా దాచుకుని, దానికే 1, 2, 3 నెలలు కలుపుతూ పోవాలి. అప్పుడు ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30 సరిగ్గా వస్తాయి.

ప్లాన్ '30 రోజులా', 'నెలా' అన్నది కూడా చూసుకోండి. 30 రోజులైతే ఏడాదికి 12 బిల్లులు దాటి ఇంకో 5 రోజులు మిగులుతాయి. రెండూ ఒకటే అనుకుని కస్టమర్‌కి 'నెలకి' అని చెబితే తగువు ఖాయం.

అత్తిబెలె_అంచు
వసూలుకి మనిషిని ఇంటింటికీ పంపే చోట ఒకటో తారీఖే మేలు. ఒక వీధికి ఒక్కసారి వెళ్ళి రావచ్చు. చేరిన తేదీ పద్ధతి పెడితే అదే వీధికి నెలలో పదిసార్లు తిరగాలి.

ఆటోపే_బెళ్ళందూరు
ఆన్‌లైన్‌లో కట్టేవాళ్ళే ఎక్కువైతే నేను దానికి ఒప్పుకోను. ఒకటో తారీఖు 400 మందికి ఒకేసారి బిల్లు వెళ్తే, "ఈ సగం నెల లెక్క ఏంటి" అనే ఫోన్లన్నీ ఆ రెండు రోజుల్లోనే వస్తాయి. చేరిన తేదీ పద్ధతిలో సగం నెల అనే మాటే లేదు. బెళ్ళందూరు, మారతహళ్ళి పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళలో) ఉండేవాళ్ళు నెల మధ్యలో చేరి నెల మధ్యలో వెళ్ళిపోతారు, వాళ్ళకి ఇది ఇంకా నప్పుతుంది. మీ ఏరియాలో నగదు ఎంత, ఆన్‌లైన్ ఎంత అన్నది లెక్కేసి తేల్చుకోండి.

కోడు_కోరమంగళ
ఏ పద్ధతైనా సర్వర్ గడియారం చూడటం మరవద్దు. క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీలో ఉంటాయి, మనకంటే అయిదున్నర గంటలు వెనక. జూలై 1 అర్ధరాత్రి దాటి 12:05కి బిల్లు రన్ పెడితే అక్కడ ఇంకా జూన్ 30 సాయంత్రం 6:35. ఇన్‌వాయిస్ తేదీ జూన్ 30 అని పడితే మొత్తం నెల అమ్మకం జూన్ జీఎస్టీ రిటర్న్‌లోకి పోతుంది. రన్‌ని ఉదయం 6 తర్వాత పెట్టండి. తేదీని భారత కాలమానంలోకి మార్చాకే ఇన్‌వాయిస్ మీద వేయమని సాఫ్ట్‌వేర్ వాళ్ళని అడగండి.

కేఆర్‌పురం_వైరు
నెల మధ్యలో ప్లాన్ పెంచమంటే? జూన్ 21న 799 నుంచి 999కి మారాడనుకోండి. జూన్ బిల్లు ఒకటో తారీఖే వెళ్ళిపోయింది.

పద్దుల_పట్టిక
799 వరసకి జూన్ 20 ముగింపు, 999 వరస జూన్ 21న మొదలు. 21 నుంచి 30 దాకా 10 రోజులు. పాత ప్లాన్‌లో మిగిలినది 799 × 10 ÷ 30 = 266.33. కొత్తదానికి పడేది 333.00. తేడా 66.67, దానికి సీజీఎస్టీ 6.00, ఎస్‌జీఎస్టీ 6.00, మొత్తం 78.67. ఆ తేడా ఒక్కటే ఒక్కసారి చార్జీగా వేయండి. 'జూన్ 21 నుంచి 30, ప్లాన్ మార్పు తేడా' అని వివరం రాయండి. జూలై 1 నుంచి 999 మామూలుగా నడుస్తుంది.

తగ్గించమంటే అప్పటికప్పుడు తగ్గించకండి, వచ్చే బిల్లు తేదీ నుంచి అమలు చేయండి. వెంటనే తగ్గిస్తే ఇప్పటికే ఇచ్చిన ఇన్‌వాయిస్ మీద క్రెడిట్ నోట్ వేయాలి. డెబ్బై, వంద రూపాయల కోసం నెలకి ముప్పై క్రెడిట్ నోట్లు అవసరమా?

ప్లాన్ మార్చినప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తానే పాత చార్జీ ముగిస్తుందో లేదో ఒక డమ్మీ ఖాతాలో చూడండి. కొన్నిట్లో కొత్త వరస చేరుతుంది గానీ పాతది నడుస్తూనే ఉంటుంది. జూలైలో 799, 999 రెండూ పడతాయి.

జీఎస్టీ_జయనగర
పన్ను సంగతి నేను చెబుతాను, ఇక్కడ తప్పు చేస్తే దిద్దడం ఖరీదు.

ఇంటర్నెట్ సేవ మీద 18 శాతం. సేవల కోడు 9984 గుంపు, వైరు ద్వారా ఇచ్చే ఇంటర్నెట్‌కి 998422. టర్నోవర్ 5 కోట్ల దాకా ఉంటే 4 అంకెలు సరిపోతాయి, దాటితే 6 అంకెలు వేయాలి. రూటర్ అమ్మితే అది వస్తువు, కోడు 8517, దానికీ 18 శాతమే. రేటు ఒకటే కదా అని రెండింటికీ ఒకే కోడు వేసేయకండి, రిటర్న్‌లో కోడు వారీ పట్టిక తప్పవుతుంది. చార్జీ రకాల జాబితాలో ఒక్కో రకానికి కోడు ఒక్కసారి పెట్టేస్తే, కౌంటర్‌లో కూర్చునేవాళ్ళు ప్రతిసారీ ఎంచుకోనక్కర్లేదు.

తిరిగిచ్చే డిపాజిట్‌ని ఒక్కసారి చార్జీగా వేయకండి. వేస్తే 18 శాతం పడుతుంది. జీఎస్టీ చట్టం సెక్షన్ 2(31) ప్రకారం డిపాజిట్‌ని చార్జీ కింద సర్దుకున్న రోజే అది సేవకి ప్రతిఫలం అవుతుంది, అప్పటిదాకా కాదు. అది అమ్మకం కాదు, మీరు కస్టమర్‌కి బాకీ ఉన్న డబ్బు. కాబట్టి విడిగా 'డిపాజిట్లు' లెడ్జర్‌లో జమ చేసి రసీదు ఇవ్వండి. రూటర్ తిరిగి ఇవ్వకపోతే డిపాజిట్ లోంచి సర్దుకున్న మేరకి అప్పుడు ఇన్‌వాయిస్ వేసి పన్ను కట్టాలి. 1,500 డిపాజిట్ మొత్తం సర్దుకుంటే ఆ 1,500లో పన్ను కలిసే ఉందని లెక్క వేసుకోండి: 1,271.19 విలువ, 228.81 పన్ను.

కేఆర్‌పురం_వైరు
ఆలస్యం చార్జీ, చెక్కు బౌన్స్ చార్జీ రెండూ ఒక్కసారి చార్జీలే కదా?

జీఎస్టీ_జయనగర
సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఒక్కసారి చార్జీలే, పన్నులో మాత్రం వేరు. ఆలస్యంగా కట్టినందుకు తీసుకునేది సెక్షన్ 15(2)(డి) ప్రకారం అసలు సేవ విలువలో భాగం, 18 శాతం పడుతుంది. చెక్కు బౌన్స్ అయితే తీసుకునే జరిమానా మీద పన్ను లేదు. 2022 ఆగస్టు 3 నాటి 178వ నంబరు సర్క్యులర్ ఈ రెండింటి సంగతీ స్పష్టంగా చెప్పింది. కాబట్టి 'పెనాల్టీ' అని ఒకే రకం పెట్టకండి, రెండు రకాలు తెరవండి.

చాలామంది వదిలేసే సంగతి ఇంకొకటి ఉంది. ఆలస్యం చార్జీ మీద పన్ను మీరు వేసిన రోజు కాదు, డబ్బు చేతికొచ్చిన రోజు పుడుతుంది. సెక్షన్ 13(6). బతిమాలినవాళ్ళకి సగం ఆలస్యం చార్జీలు మీరే మాఫీ చేస్తారు. వేసిన రోజే ఇన్‌వాయిస్ చేసేస్తే ప్రతి మాఫీకీ క్రెడిట్ నోట్ కావాలి. వేసినప్పుడు 'ఇంకా బిల్లు కాలేదు' స్థితిలోనే ఉంచి, కట్టిన రోజున బిల్లు చేయండి. ఆలస్యం చార్జీ మీద మళ్ళీ ఆలస్యం చార్జీ పడకుండా లెక్కలోంచి ఆ రకాన్ని మినహాయించడం కూడా చూసుకోండి.

అత్తిబెలె_అంచు
హోసూరు సంగతి చెప్పాలి. అత్తిబెలె దాటితే తమిళనాడు. ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో, గోడౌన్ హోసూరులో ఉన్న కంపెనీలు చాలా ఉన్నాయి. ఖాతా ఒకటే, కనెక్షన్లు రెండు. బిల్లింగ్ అడ్రసు చూసి పన్ను వేసే సాఫ్ట్‌వేర్ రెండింటికీ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేస్తుంది.

జీఎస్టీ_జయనగర
మంచి మాట గుర్తు చేశారు. ఇలా స్థిరంగా వేసిన లైనుకి సెక్షన్ 12(11) ప్రకారం లైను ఎక్కడ బిగించారో అదే సేవ జరిగిన చోటు. కర్ణాటక రిజిస్ట్రేషన్ నుంచి బిల్లు వేస్తే ఎలక్ట్రానిక్ సిటీ లైనుకి 9 + 9, హోసూరు లైనుకి ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన అమ్మకం మీద పన్ను) 18. రాష్ట్రాల కోడ్లు కర్ణాటక 29, తమిళనాడు 33. అంటే పన్ను రకం ఖాతాకి కాదు, కనెక్షన్‌కి కట్టాలి. రెండింటినీ ఒకే ఇన్‌వాయిస్‌లో పెట్టకుండా, లైను ఉన్న రాష్ట్రం వారీగా ఇన్‌వాయిస్‌లు విడిపోయేలా సెట్టింగ్ పెట్టండి.

ఆటోపే_బెళ్ళందూరు
వసూలు వైపు వద్దాం. యూపీఐ ఆటోపే గానీ, కార్డు మీద ఆటో డెబిట్ గానీ పెడితే ఒక్కసారి చార్జీలు అడ్డం తిరిగేది ఇక్కడే.

ప్లాన్‌కి పన్నుతో 942.82 అవుతుందని మ్యాండేట్ (ఆటో డెబిట్‌కి కస్టమర్ ఇచ్చే అనుమతి) సరిగ్గా 943కి తీసుకుంటే, ఒక నెల 500 షిఫ్టింగ్ చార్జీ చేరగానే మొత్తం డెబిట్ ఫెయిల్. ప్లాన్ డబ్బు కూడా రాదు. మ్యాండేట్ తీసుకునేటప్పుడే 'గరిష్ఠంగా ఇంత' అనే రకం ఎంచుకుని, ప్లాన్‌కి రెండింతలు, అంటే 2,000 దాకా పెట్టండి. కస్టమర్‌కి ఆ సంఖ్య చూడగానే భయం వేస్తుంది. కాబట్టి నెలనెలా తీసేది 943 మాత్రమేనని, 2,000 అన్నది హద్దు మాత్రమేనని అదే స్క్రీన్ మీద తెలుగులోనూ కన్నడలోనూ రాయండి. ప్రతిసారీ పిన్ అడగకుండా తీయగలిగే హద్దు మామూలు చెల్లింపులకి 15,000. కార్డులకి 2022 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు 5,000 నుంచి దాన్ని పెంచింది. ఏడాది ప్లాన్లు, ఆఫీసు కనెక్షన్లు ఈ హద్దు దాటొచ్చు, వాళ్ళకి పేమెంట్ లింకే దారి.

డెబిట్‌కి కనీసం 24 గంటల ముందు ఎంత తీస్తున్నారో కస్టమర్‌కి నోటీసు వెళ్ళాలి. అందుకే బిల్లు, నోటీసు, డెబిట్ వరస ఇలా పెట్టుకోండి: ఒకటిన ఉదయం బిల్లు ఖరారు, అదే రోజు నోటీసు, మూడున డెబిట్. నోటీసు వెళ్ళాక రెండో తారీఖున కౌంటర్‌లో ఎవరో ఒక్కసారి చార్జీ వేస్తే అది ఈ డెబిట్‌లో చేరకూడదు, వచ్చే నెలకి ఆగాలి. నోటీసులో 943 అని చెప్పి 1,533 తీస్తే గొడవే. నోటీసు వెళ్ళిన క్షణం నుంచి ఆ ఇన్‌వాయిస్‌కి తాళం పడుతుందా అని సాఫ్ట్‌వేర్ వాళ్ళని సూటిగా అడగండి.

2025 ఆగస్టు నుంచి యూపీఐ ఆటోపే రద్దీ లేని వేళల్లోనే నడుస్తుంది: ఉదయం 10 లోపు, మధ్యాహ్నం 1 నుంచి 5, రాత్రి 9:30 తర్వాత. ఒక ప్రయత్నం, ఫెయిలైతే ఇంకో మూడు. ఫెయిలైన మర్నాడే కనెక్షన్ ఆపేసే రూలు పెట్టుకోకండి, ఆ మూడూ అయ్యాకే ఆపండి.

కేఆర్‌పురం_వైరు
ఆఫీసు కనెక్షన్లలో ఇంకో చిక్కు ఉంది. టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్ళే ముందుగా పట్టుకునే మన ఆదాయపు పన్ను) పట్టుకుని కడితే ఖాతాలో కొంచెం బాకీ మిగిలి, దాని మీద ఆలస్యం చార్జీ పడిపోతోంది.

పద్దుల_పట్టిక
10,000 సేవ, 1,800 పన్ను, బిల్లు 11,800. వాళ్ళు 10,000 మీద 2 శాతం పట్టుకుంటే 11,600 వస్తుంది. ఇన్‌వాయిస్‌లో జీఎస్టీ విడిగా చూపిస్తే టీడీఎస్ దాని మీద పట్టరు, 11,800 మీద లెక్కేసి చూసుకోవద్దు. మిగిలిన 200 కోసం 'టీడీఎస్ రావలసినది' అని ఒక రసీదు రకం తెరిచి, డబ్బు వచ్చిన రోజే 11,600 ఒకటి, 200 ఒకటి రెండు రసీదులు వేయండి. ఇన్‌వాయిస్ పూర్తిగా తీరిపోతుంది, ఆలస్యం చార్జీకి తావుండదు. ఆ 200ని డిస్కౌంట్‌గా కొట్టేయకండి, అది మీకు రావలసిన డబ్బే. మూడు నెలలకోసారి ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరున చూపించే టీడీఎస్‌తో సరిచూసుకోండి.

జీఎస్టీ_జయనగర
అడ్వాన్సుల గురించి ఎవరూ అడగలేదు గానీ చెబుతాను. ఆరు నెలలకి ముందే కడితే, సేవల మీద అడ్వాన్సు అందిన రోజే పన్ను పుడుతుంది. రూటర్ లాంటి వస్తువుకి మాత్రం అడ్వాన్సు మీద పన్ను లేదు, 2017 నవంబరు నుంచి. డబ్బు తీసుకుని ఊరికే ఖాతాలో మైనస్ బాకీగా పెట్టుకుంటే రసీదు వోచర్ వేసి పన్ను కట్టాలి. దానికంటే ఆరు నెలల కాలానికి ఇన్‌వాయిస్ అదే రోజు ఇచ్చేస్తే సుఖం. సాఫ్ట్‌వేర్‌లో ఆ చార్జీని '6 నెలలకోసారి' అని పెట్టి, 'ఎక్కడిదాకా బిల్లయింది' తేదీ ఆరు నెలలు ముందుకి జరిగిందో లేదో చూడండి. జరగకపోతే వచ్చే నెల మళ్ళీ బిల్లు పడుతుంది.

ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు, వరసలో ఉండాలి. మూడక్షరాల కోడు, ఒక గీత, 26-27, ఇంకో గీత, ఆరంకెల వరస పెడితే సరిగ్గా 16 వస్తాయి. తప్పు బిల్లుని డిలీట్ చేయకండి, వరసలో ఖాళీ పడుతుంది. క్రెడిట్ నోట్ వేయండి. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు రిటర్న్‌లో చూపించాలి. అది దాటితే డబ్బు తిరిగివ్వొచ్చు గానీ కట్టిన పన్ను వెనక్కి రాదు.

కోడు_కోరమంగళ
రెండు ప్రమాదాలు ముందే చెప్పాలి. మొదటిది డబుల్ బిల్లు. 400లో 250 ఖాతాలకి బిల్లు వేశాక కరెంటో నెట్టో పోతే మళ్ళీ రన్ నొక్కుతారు. మొదటి 250 మందికి రెండోసారి పడుతుంది. డేటాబేస్‌లో చార్జీ ఐడీ, కాలం మొదలు తేదీ, కాలం ముగింపు తేదీ మూడూ కలిపి ఒక్కసారే ఉండాలనే నిబంధన పెడితే, రెండోసారి నొక్కినా ఉన్నవాటిని వదిలి మిగిలిన 150కే వేస్తుంది. కొనే సాఫ్ట్‌వేర్‌లో ఇది ఉందో లేదో కాగితాలు చూసి నమ్మకండి, టెస్ట్‌లో రన్ బటన్ రెండుసార్లు నొక్కి చూడండి.

రెండోది పాత డేటా ఎక్కించడం. కస్టమర్ 2021 ఏప్రిల్‌లో చేరాడని నెలవారీ చార్జీ మొదలు తేదీ 2021 ఏప్రిల్ 1 అని ఇస్తారు, 'ఎక్కడిదాకా బిల్లయింది' ఖాళీగా వదిలేస్తారు. మొదటి రన్‌లోనే ఐదేళ్ళ బిల్లులు ఒకేసారి పుట్టుకొస్తాయి. ఆ గడిలో పాత పద్ధతిలో చివరిగా బిల్లు చేసిన రోజు తప్పకుండా నింపండి. పాత బాకీని ఒక్కసారి చార్జీగా వేయకండి, పన్ను ఇప్పటికే కట్టిన మొత్తం మీద మళ్ళీ 18 శాతం పడుతుంది. అది ఓపెనింగ్ బ్యాలెన్స్ ఎంట్రీగా, పన్ను లేకుండా వెళ్ళాలి.

డబ్బుని పైసల్లో పూర్ణాంకంగా దాచమనండి, ఫ్లోట్‌లో (ఉజ్జాయింపు దశాంశంలో) కాదు. పన్నుని వరస వారీ గుండ్రం చేయాలా, ఇన్‌వాయిస్ మొత్తం మీదా అన్నది ఒక్కటే పద్ధతిగా ఉంచండి. 33.50 చొప్పున మూడు వరసలైతే 9 శాతం వరసకి 3.02, మూడు కలిపి 9.06. మొత్తం మీద అయితే 9.05. పైసానే, కానీ టాలీలోకి (అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి) ఎక్కించినప్పుడు రెండూ సరిపోలక ఎంట్రీ ఆగిపోతుంది.

అత్తిబెలె_అంచు
సంక్రాంతికీ ఎండాకాలం సెలవులకీ ఊరెళ్ళేవాళ్ళు నెల రోజులు ఆపమంటారు. ఖాతాని 'ఆపు' అని నొక్కితే లైను మాత్రమే ఆగుతుందా, చార్జీ కూడానా అన్నది చూసుకోండి. ఇవి రెండు వేర్వేరు బటన్లు కావాలి. బాకీ పడి ఆపినప్పుడు చార్జీ నడవొచ్చు, కస్టమర్ అడిగి ఆపినప్పుడు నడవకూడదు. స్టాటిక్ ఐపీ మాత్రం వాళ్ళకే కేటాయించి ఉంటుంది కాబట్టి దాని అద్దె నడుస్తుందని ముందే చెప్పండి. పీజీ ఖాళీ చేసేవాళ్ళు మూసేయమంటే మొదట నెలవారీ వరసలన్నిటికీ ముగింపు తేదీ, తర్వాత చివరి బిల్లు, తర్వాత రూటర్ వాపసు, చివరికి డిపాజిట్. ఖాతాని ముందే మూసేస్తే బిల్లు కాని ఒక్కసారి చార్జీలు అందులోనే ఉండిపోతాయి.

పద్దుల_పట్టిక
ప్రతి నెలా బిల్లు ఖరారు చేసేముందు డ్రాఫ్ట్ రన్ (ఇన్‌వాయిస్ నంబరు పడని ముసాయిదా) చేసి ఒక లెక్క సరిపోతుందో లేదో చూడండి. నెలవారీ చార్జీల్లో పోయిన నెల మొత్తం, కొత్తగా చేరినవి కలిపి, ముగిసినవి తీసేసి, రేటు మార్పులు కలిపితే ఈ నెల మొత్తం రావాలి. ఉదాహరణకి 3,28,400 + 11,186 − 7,990 + 1,200 = 3,32,796. సగం నెల వరసలు, ఒక్కసారి చార్జీలు ఇందులో కలపకండి, వాటి జాబితా విడిగా చూడాలి. ఒక్కసారి చార్జీల్లో ఒకే ఖాతాకి ఒకే రకం రెండుసార్లు ఉన్నవి, 45 రోజులు దాటినా బిల్లు కానివి రెండూ బయటికి తీయండి.

కేఆర్‌పురం_వైరు
డమ్మీ ఖాతాలు, డబుల్ రన్, అన్నీ చూశాం అండీ. రన్ రెండోసారి నొక్కితే కొత్తగా ఏమీ పడలేదు. కానీ డ్రాఫ్ట్‌లో 3,32,796 రావాల్సింది 3,33,595 వచ్చింది. 799 ఎక్కువ.

పద్దుల_పట్టిక
సరిగ్గా ఒక ప్లాన్ రేటు. ఒకే కస్టమర్‌కి రెండు ఇంటర్నెట్ వరసలు తెరిచి ఉన్నాయి. కనెక్షన్ నంబరుతో వెతికితే దొరకదు, కస్టమర్ మొబైల్ నంబరుతో వెతకండి. షిఫ్టింగ్ జరిగిన ఖాతాల్లో ముందు చూడండి: కొత్త అడ్రసుకి కొత్త కనెక్షన్ తెరిచి పాతదానికి ముగింపు పెట్టకపోతే అచ్చం ఇలాగే వస్తుంది.

కేఆర్‌పురం_వైరు
దొరికింది. హొరమావు నుంచి రామమూర్తి నగర్‌కి మారిన ఖాతా. పాత లైను వరస తెరిచే ఉంది. ఇప్పుడు క్రెడిట్ నోట్ వేయాలా?

జీఎస్టీ_జయనగర
అక్కర్లేదు. డ్రాఫ్టే కదా, ఇన్‌వాయిస్ నంబరు ఇంకా పడలేదు. పాత లైను వరసకి షిఫ్టింగ్ ముందురోజు ముగింపు పెట్టి డ్రాఫ్ట్ మళ్ళీ తీయండి. షిఫ్టింగ్ పోయిన నెలలో జరిగి, ఆ నెల బిల్లులోనూ రెండు లైన్లూ పడి ఉంటే దానికి మాత్రం క్రెడిట్ నోట్ కావాలి, ఆ బిల్లు కూడా ఒకసారి తెరిచి చూడండి.